కారం ఎలా ఇష్టమవుతుంది?

మిరపకాయలోని కారం శాస్త్రరీత్యా రుచి కాదు, నొప్పి. తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (మాంసం, పుట్టగొడుగుల వంటి వాటిలో తగిలే రుచి) అనే ఐదు రుచులను పసిగట్టే కణాలు నాలుక మీద వేరుగా ఉన్నాయి. మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ అనే పదార్థానికి స్పందించేవి అవి కావు, వేడినీ మంటనూ మెదడుకు చేరవేసే నాడులు. ఆ నాడుల కొసల్లో ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని, అంటే సంకేతాన్ని పసిగట్టే ప్రోటీన్‌ను, అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. స్పర్శ, వేడిమి గ్రాహకాలపై చేసిన కృషికి 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని ఆయన మరొక శాస్త్రవేత్తతో కలిసి అందుకున్నారు. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే స్పందించే ఈ గ్రాహకం కాప్సైసిన్‌కు కూడా అలాగే స్పందిస్తుంది కనుక, పూర్తిగా చల్లారిన మిరపకాయ బజ్జీని కొరికినా నోరు కాలుతోందన్న కబురే మెదడుకు అందుతుంది. కళ్ళ వెంట నీళ్ళు కారడం, ముక్కు కారడం ఆ పదార్థాన్ని బయటికి నెట్టడానికి, చెమట పట్టడం ఒంటిని చల్లబరచడానికి శరీరం చేసే ప్రయత్నాలే. శరీరం ఇంత గట్టిగా వద్దంటున్న పదార్థం లేనిదే ముద్ద దిగని స్థితికి కోట్లాది మంది ఎలా చేరుకుంటారన్న ప్రశ్న, మనుషులకు తిండి మీద ఇష్టాలూ అయిష్టాలూ ఎలా ఏర్పడతాయన్న పెద్ద ప్రశ్నకు మంచి ప్రవేశద్వారం.

కారం తెలుగువారి రక్తంలోనే ఉందని తరచు వినిపించే మాట నిలవదు. మిరప అమెరికా ఖండాల మొక్క. 1492లో కొలంబస్ ప్రయాణం తరువాతనే అది ఆ ఖండాలు దాటింది, పోర్చుగీసు ఓడల ద్వారా భారతదేశానికి చేరింది. అంతకుముందు ఇక్కడి వంటల్లో ఘాటు మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, ఆవాల నుంచి వచ్చేది. ఒక జాతి నాలుకనే మార్చివేయడానికి అయిదు శతాబ్దాలు జీవపరిణామానికి చాలవు. గుంటూరులో పుట్టిన బిడ్డకూ నార్వేలో పుట్టిన బిడ్డకూ మొదటిసారి కారం తగిలినప్పుడు పుట్టే మంట ఒకటే. అందువల్ల ప్రతి తరంలోనూ ప్రతి బిడ్డా కారాన్ని మొదటి నుంచి నేర్చుకోవలసిందే.

ఆ నేర్చుకోవడం ఎలా జరుగుతుందో శ్రద్ధగా పరిశీలించిన వారిలో ముఖ్యుడు అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్రవేత్త పాల్ రోజిన్. మెక్సికోలోని ఓహాకా ప్రాంతపు జపొటెక్ అనే స్థానిక తెగవారి గ్రామమొకదానిలో ఆయన చేసిన అధ్యయనం 1980లో వెలువడింది. అక్కడ పసివాళ్ళకు కారం పెట్టరు, పెద్దలు మాత్రం రోజూ తింటారు. రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ మధ్యలో పిల్లలు క్రమంగా కారానికి అలవాటు పడి, చివరికి తామే అడిగి వేసుకుంటారు. తినమని ఒత్తిడి చేసేవారు గాని, తిన్నందుకు బహుమతి ఇచ్చేవారు గాని ఎవరూ లేరు. పెద్దవాళ్ళూ అన్నలూ అక్కలూ ఇష్టంగా తింటూ ఉండటాన్ని పిల్లలు రోజూ చూస్తారు, అంతే. అదే గ్రామంలో కుక్కలూ పందులూ ఇళ్ళలో మిగిలిన కారపు తిండినే నిత్యం తిని బతుకుతాయి. అయినా కారం లేని ముక్కనూ కారం పూసిన ముక్కనూ పక్కపక్కన పెడితే అవి కారం లేనిదాన్నే ఎంచుకున్నాయి. ప్రయోగశాలలో ఎలుకలకు నెలల తరబడి కారం కలిపిన మేత పెట్టినా వాటికి దాని మీద ఇష్టం కలగలేదు. జంతువుల్లో కారం ఇష్టపడిన అరుదైన ఉదాహరణలు మనుషులతో బాగా కలిసి పెరిగిన చింపాంజీల వంటి వాటిలో కనిపించాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. పదేపదే తినడం ఒక్కటే చాలి ఉంటే ఆ ఊరి పందులకు కూడా కారం నచ్చి ఉండాలి. వాటికి లేనిదీ పిల్లలకు ఉన్నదీ ఒకటే: తమవారనుకునే మనుషులు దాన్ని ఆనందంగా తింటున్నారన్న ఎరుక. తిండి మీద ఇష్టానికి సంబంధించిన పరిశోధనలన్నింటిలో ఇంతకంటే విలువైన ఫలితం లేదనవచ్చు.

తెలుగు ఇళ్ళలో ఈ క్రమం కళ్ళెదుటే సాగుతుంది. అన్నప్రాసన అయిన కొన్నాళ్ళకు మెత్తగా మెదిపిన అన్నంలో ముద్దపప్పు, నెయ్యి కలిపి పెడతారు. తరువాత చారులో పైన తేరిన తేటను మాత్రం అన్నంలో పోస్తారు. ఇంకొన్నాళ్ళకు ఆవకాయ ముక్కను నీళ్ళలో కడిగి చేతికిస్తే, బిడ్డ దాన్ని చీకి, మొహం చిట్లించి, ఆ పులుపూ ఉప్పూ కోసం మళ్ళీ నోట్లో పెట్టుకుంటుంది. ఆపైన పప్పన్నంలో ఆవకాయ ఊటను వేలికొసతో రాసి, పైన నెయ్యి ఎక్కువగా వేసి గోరుముద్దలు చేస్తారు. ఈ నెయ్యి రెండు పనులు చేస్తుంది. కాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది కనుక నెయ్యి మంటను తగ్గిస్తుంది. రెండవది, కొవ్వూ పిండిపదార్థమూ కడుపులోకి చేరి శక్తినిచ్చినప్పుడు వాటితో పాటు వచ్చిన రుచిని మెదడు మంచిదిగా గుర్తు పెట్టుకుంటుంది. ఆంథొనీ స్క్లఫానీ వంటి శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, నోటితో సంబంధం లేకుండా నేరుగా కడుపులోకి పోషకాలను పంపినా, అదే సమయంలో ఎలుక నోటికి తగులుతున్న రుచిపై దానికి ఇష్టం పెరిగినట్టు తేలింది. కడిగిన ముక్క నుంచి ఊట వరకూ సాగే ఈ మెట్ల వరుసను ఏ శాస్త్రవేత్తా రూపొందించలేదు, అమ్మమ్మలూ నాయనమ్మలూ తరతరాలుగా తమ చేతులతో దాన్ని సరిదిద్దుకుంటూ వచ్చారు.

కొంత వయసు వచ్చాక మంటే ఆనందమవుతుంది. ఎంత కారం ఎక్కువ ఇష్టమని అడిగితే, చాలామంది ఇక భరించలేమన్న స్థాయికి కాస్త కింద ఉన్న కారాన్నే ఎంచుకున్నారని రోజిన్ గమనించాడు. ప్రాణానికి ముప్పు లేదని తెలిసిన భయంలో, ఉదాహరణకు జాతరలో రంగులరాట్నం ఎక్కినప్పుడు, కలిగే ఉత్సాహానికి దీన్ని ఆయన దగ్గరగా చూశాడు. శరీరం ప్రమాదమంటుంది, మనసుకు ప్రమాదమేమీ లేదని తెలుసు, ఆ రెంటి మధ్య దూరంలోనే సుఖం ఉందన్నది ఆయన వివరణ.

పుట్టుకతో వచ్చే ఇష్టాయిష్టాలు ఇంత క్లిష్టమైనవి కావు. అప్పుడే పుట్టిన శిశువు నాలుక మీద తీపి నీటి చుక్క వేస్తే ముఖం తేటపడుతుందనీ, పుల్లటిది వేస్తే పెదవులు ముడుచుకుంటాయనీ, చేదుకు నోరు తెరిచి నాలుక బయటపెట్టి తోసివేస్తుందనీ ఇజ్రాయెల్ శాస్త్రవేత్త జేకబ్ స్టైనర్ 1970లలో నమోదు చేశాడు. ఉప్పు మీద ఇష్టం సుమారు నాలుగు నెలల వయసులో కనిపించడం మొదలవుతుంది. తీపి శక్తికీ, చేదు విషానికీ సూచనలు కావడం వల్ల ఈ ఏర్పాటు పనికొచ్చింది. చేదును గుర్తించే గ్రాహకాలు మనిషిలో సుమారు 25 రకాలున్నాయి. వాటి విషయంలో అందరూ ఒకేలా ఉండరన్న సంగతి 1931లో బయటపడింది. ఆర్థర్ ఫాక్స్ అనే రసాయనశాస్త్రవేత్త ప్రయోగశాలలో పీటీసీ అనే పొడి గాలిలో లేచినప్పుడు పక్కనున్న వ్యక్తి చేదు అన్నాడు, ఫాక్స్‌కు మాత్రం ఏమీ తెలియలేదు. అలాగే కొత్తిమీర కొందరికి సబ్బు వాసన వేయడానికి ఓఆర్6ఏ2 అనే వాసన గ్రాహకపు జన్యువు దగ్గర ఉన్న తేడాతో సంబంధముందని 2012లో వెలువడిన అధ్యయనం చూపింది. అయితే ఆ జన్యుభేదం మొత్తం అయిష్టంలో చాలా కొద్ది భాగాన్నే వివరించగలిగింది. పసితనం నుంచి రోజూ కొత్తిమీర తినే సమాజాల్లో దాన్ని అసహ్యించుకునేవారు తక్కువగా ఉండటానికి అలవాటుకు కూడా భాగముందని అనుకోవడం సమంజసం.

రుచి అని వ్యవహారంలో చెప్పేదానిలో అధిక భాగం వాసనే. నమిలేటప్పుడు గొంతు వెనుక నుంచి ముక్కులోకి చేరే వాసనే మామిడిపండును మామిడిపండుగా నిలబెడుతుంది. జలుబు చేసినవారికీ, కోవిడ్ సమయంలో వాసన కోల్పోయినవారికీ ఇది స్వానుభవం. వాసనల విషయంలో పుట్టుకతో వచ్చే తీర్పులు చాలా తక్కువ, నేర్చుకునేవే ఎక్కువ. ఆ పాఠం పుట్టుకకు ముందే మొదలవుతుంది. గర్భిణులు వెల్లుల్లి తీసుకున్న కొద్దిసేపటికి ఉమ్మనీటి వాసన మారుతుందని, బాలింతలు తీసుకుంటే పాల వాసన మారుతుందని అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో రుచి, వాసనలపై పరిశోధించే మోనెల్ కేంద్రపు శాస్త్రవేత్తలు జూలీ మెనెల్లా, గ్యారీ బోషాంప్ 1990లలో చూపారు. పాలలో వెల్లుల్లి వాసన వచ్చినప్పుడు శిశువులు రొమ్మును ఎక్కువసేపు పట్టుకుని ఉన్నారు. 2001లో మెనెల్లా బృందం ప్రచురించిన మరో ప్రయోగంలో, గర్భం చివరి నెలల్లో గాని పాలిచ్చే కాలంలో గాని తల్లి క్యారెట్ రసం తాగితే, ఆ బిడ్డలు తరువాత క్యారెట్ కలిపిన ఆహారాన్ని మొహం తక్కువగా చిట్లిస్తూ స్వీకరించారు. బాలింతలకు వెల్లుల్లి కారంతో అన్నం పెట్టే తెలుగు ఇళ్ళ ఆచారం పాలు పడాలన్న నమ్మకంతో పుట్టింది. దానివల్ల పాలు పెరుగుతాయా అన్నది వేరే ప్రశ్న, కాని ఆ ఇంటి వంట వాసనను బిడ్డకు మొదటి పరిచయం చేస్తున్నది ఆ ముద్దే.

ఏడాది దాటాక అసలు చిక్కు మొదలవుతుంది. ఏది పెట్టినా తిన్న పిల్ల రెండేళ్ళు వచ్చేసరికి పచ్చగా కనిపించిన ప్రతిదాన్నీ ముద్దలోంచి ఏరి పారేస్తుంది. కొత్త తిండి అంటే జంకే ఈ స్వభావం సుమారు రెండు నుంచి ఆరేళ్ళ మధ్య ఉధృతంగా ఉంటుంది. నడక వచ్చి చేతికందినది నోట్లో పెట్టుకునే వయసు కనుక, తెలియనిదాన్ని అనుమానించడం ఒకప్పుడు ప్రాణరక్షణ అయి ఉంటుంది. బ్రిటన్‌లో 8 నుంచి 11 ఏళ్ళ కవలలపై జరిగి 2007లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఈ జంకులో పిల్లలకూ పిల్లలకూ మధ్య కనిపించే తేడాల్లో సుమారు 78 శాతం జన్యుపరమైనది. ఒక బిడ్డ అన్నీ తిని మరో బిడ్డ ఏదీ ముట్టకపోతే అది తల్లి పెంపకంలో లోపమని నిందించే బంధువులు ఈ ఒక్క సంఖ్యనైనా తెలుసుకోవడం అవసరం.

జంకు పుట్టుకతో వచ్చినా అది కరగని రాయి కాదు. లియాన్ బర్చ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1980ల నుంచి చేసిన ప్రయోగాల సారాంశం ఏమిటంటే, పిల్లలు ఒక పదార్థాన్ని ఎన్నిసార్లు రుచి చూస్తే దాని మీద ఇష్టం అంతగా పెరుగుతుంది. కేవలం చూస్తే, వాసన పీలిస్తే చాలదు, నాలుకకు తగలాలి. ఎనిమిది, పది, కొందరికి పదిహేను సార్లు పట్టవచ్చు. చాలా ఇళ్ళలో రెండు మూడు ప్రయత్నాల తరువాత వాడికి బెండకాయ పడదని తీర్పు ఇచ్చేస్తారు, ఆ మాట వంటింట్లో స్థిరపడిపోతుంది, బిడ్డ కూడా దాన్ని తన గురించిన సత్యంగా నమ్ముతాడు. ఆ తీర్పు రాకముందు ఇంకో పదిసార్లు, ముద్ద కాదు, చిటికెడు పెట్టి చూడటానికి కావలసిన ఓపికే పెద్దలకు ఉండదు.

ఓపిక లేనిచోట బలవంతం వస్తుంది. నోరు నొక్కి పెట్టడం, బూచాడు వస్తాడని భయపెట్టడం, పళ్ళెం ఖాళీ అయ్యేవరకు లేవనివ్వకపోవడం ప్రేమతోనే జరుగుతాయి, అందులో సందేహం లేదు. ఫలితం మాత్రం వ్యతిరేకం. బర్చ్ బృందం 2006లో ప్రచురించిన ప్రయోగంలో, సూప్ ముగించమని పదేపదే చెప్పిన పిల్లలు, ఏమీ చెప్పకుండా వదిలేసినప్పటికంటే తక్కువ తాగారు, దాని గురించి చెడుగా ఎక్కువ మాట్లాడారు. ఆశ చూపడం కూడా ఇలాగే ఎదురు తిరుగుతుంది. ఒక పానీయం తాగితే బహుమతి ఇస్తామన్నప్పుడు, ఆ పానీయం మీద పిల్లల ఇష్టం తగ్గింది. కూర తింటే చాక్లెట్ ఇస్తానన్న ఒప్పందంలో బిడ్డకు అర్థమయ్యేది కూర అనేది కష్టపడి భరించవలసిన వస్తువని, చాక్లెట్ అనేది సంపాదించుకోవలసిన నిధి అని. దీనికి ఒక సవరణ చేర్చాలి. చిన్న ముక్క రుచి చూసినందుకు తిండికి సంబంధం లేని బొమ్మ స్టిక్కర్ వంటిది ఇచ్చినప్పుడు ఇష్టం తగ్గలేదని, పెరిగిందని బ్రిటన్‌లో తరువాత జరిగిన ప్రయోగాలు చూపాయి. తేడా ఎక్కడుందంటే, అక్కడ అడిగినది ఒక్క రవ్వ రుచి మాత్రమే, పళ్ళెం ఖాళీ చేయడం కాదు.

ఇష్టం నేర్పడంలో తోటివారికి ఉన్న శక్తి పెద్దవారికి లేదు. బర్చ్ 1980లో ప్రచురించిన మరో ప్రయోగంలో, ఒక కూరగాయను ఇష్టపడని పిల్లను దాన్ని ఇష్టపడే పిల్లల మధ్య కొన్ని రోజులు భోజనానికి కూర్చోబెట్టారు. ఎవరూ ఏమీ అనకుండానే ఆ పిల్ల ఎంపిక మారింది. ఇంట్లో ముట్టని కూరను అంగన్‌వాడీలోనో బడిలోనో మధ్యాహ్న భోజనంలో తినేసి వచ్చే పిల్లల గురించి తల్లులు ఆశ్చర్యంగా చెప్పుకునేది ఇదే.

ఇష్టం ఇలా నెలల మీద, ఏళ్ళ మీద పేరుకుంటుంది. అయిష్టం ఒక్క పూటలో పుడుతుంది. ఈ అసమానతను మొదట స్పష్టంగా చూపినది అమెరికా మనస్తత్వశాస్త్రవేత్త జాన్ గార్సియా. రేడియేషన్ ప్రభావాన్ని అధ్యయనం చేస్తున్న ఆయన, తీపి నీళ్ళు తాగిన ఎలుకలకు గామా కిరణాలతో అస్వస్థత కలిగిస్తే, అవి ఆ తరువాత తీపి నీళ్ళను ముట్టడం లేదని 1955లో ప్రకటించాడు. 1966లో రాబర్ట్ కోలింగ్‌తో కలిసి ఇంకా లోతుగా వెళ్ళాడు. ఎలుకలు నీళ్ళు తాగుతుండగా వాటికి ఒకేసారి రుచినీ, వెలుగునూ, శబ్దాన్నీ అందించారు. ఆ తరువాత వికారం కలిగిన ఎలుకలు రుచిని తప్పించుకున్నాయి, కరెంటు షాక్ తగిలిన ఎలుకలు వెలుగునూ శబ్దాన్నీ తప్పించుకున్నాయి. కడుపులో తిప్పితే అది తిన్నదాని వల్లనేనని తేల్చుకునే విధంగా మెదడు ముందే తయారై ఉందన్నమాట. తినడానికీ వాంతికీ మధ్య గంటలు గడిచినా ఈ ముడి పడుతుంది. ఏ రెండు విషయాలనైనా వెంటవెంటనే జోడిస్తేనే నేర్చుకోవడం జరుగుతుందని నమ్మిన అప్పటి మనస్తత్వశాస్త్రానికి ఇది మింగుడుపడలేదు, గార్సియా వ్యాసాలను పత్రికలు తిరస్కరించాయి.

ఈ ముడికి తర్కంతో పని లేదు. పెళ్ళిలో గుత్తి వంకాయ తిన్న రాత్రి వైరల్ జ్వరంతో వాంతులైతే, కారణం వైరస్ అని డాక్టరు చెప్పినా, నమ్మినా, ఆ తరువాత ఏళ్ళ తరబడి గుత్తి వంకాయ వాసనకే కడుపులో తిప్పవచ్చు. కీమోథెరపీ తీసుకునే పిల్లలకు మందుకు ముందు ప్రత్యేకమైన రుచి ఉన్న ఐస్‌క్రీమ్ పెట్టి, వారాల తరువాత అడిగితే వారు దాన్ని వద్దన్నారని అమెరికా మనస్తత్వశాస్త్రవేత్త ఐలీన్ బర్న్‌స్టీన్ 1978లో చూపింది. వాంతులు మందు వల్లనేనని తెలిసినంత మాత్రాన ఆ అయిష్టం ఆగలేదు. తరువాత ఆమే ఒక ఉపాయం కనిపెట్టింది. భోజనానికీ మందుకూ మధ్యలో ఘాటైన, అలవాటులేని రుచి ఉన్న బిళ్ళ చప్పరించమంటే, అయిష్టం ఆ బిళ్ళ మీదికి మళ్ళి, భోజనం చాలావరకు బతికిపోతుంది. క్యాన్సర్ చికిత్సకు వెళ్ళేవారికి ఇంట్లోవారు ప్రేమతో ఆ ఉదయమే ఇష్టమైన వంటకం చేసి పెట్టడం మన దగ్గర మామూలు. బలం కావాలి, తినాలి, నిజమే. కాని మళ్ళీ మళ్ళీ తినాలనుకునే వంటకాన్ని వికారం వచ్చే రోజుకు దూరంగా ఉంచడం మేలని ఈ పరిశోధన చెబుతోంది. వేవిళ్ళలో పుట్టిన అయిష్టాలు కాన్పు తరువాత కూడా కొందరిలో మిగిలిపోవడానికీ, ఒకప్పుడు జ్వరం పథ్యంగా పాలూ బ్రెడ్డూ తిన్న తరం వారిలో కొందరికి బ్రెడ్డు వాసనే జబ్బును గుర్తుచేయడానికీ ఇదే తీరు కారణం కావచ్చు.

వికారం వల్ల కలిగే అయిష్టానికీ, ఇతర హాని వల్ల తిండి మానేయడానికీ తేడా ఉంది. వేరుశెనగ తింటే దద్దుర్లు వచ్చే మనిషి దాన్ని మానేస్తాడు, కాని అతనికి ఆ రుచి మీద కోరిక అలాగే ఉంటుంది. అదే వేరుశెనగ వాంతి చేయిస్తే ఆ రుచే చెడ్డదవుతుంది. మర్షా పెల్చాట్ అనే పరిశోధకురాలు, రోజిన్ 1982లో ఈ తేడాను చూపారు. మొదటిది జాగ్రత్త, రెండవది నిజమైన అయిష్టం.

ఈ రెండూ కానిది రోత. చేదు నచ్చనివాడు కాకరకాయ కూర పక్కన కూర్చుని భోజనం చేయగలడు. రోత పుట్టినవాడు ఆ గిన్నె గరిటెను తన పళ్ళెంలో పెట్టనివ్వడు. అయిష్టం నాలుక దగ్గర ఆగుతుంది, రోత మాత్రం ఆ వస్తువు ఏమిటో, ఎక్కడిదో, దేనికి తగిలిందో అన్న ఊహ నుంచి పుట్టి ఇతర వస్తువులకు అంటుకుంటుంది. పూర్తిగా శుద్ధి చేసిన చచ్చిన బొద్దింకను ఒక్క క్షణం పండ్లరసంలో ముంచి తీస్తే, ప్రమాదమేమీ లేదని తెలిసీ చాలామంది ఆ రసం తాగడానికి ఇష్టపడలేదని రోజిన్, సహచరులు 1986లో నమోదు చేశారు. అదే సమయంలో పసిపిల్లలతో చేసిన పరిశీలనలో, కుక్క మలంలా కనిపించేట్టు వేరుశెనగ ముద్దతో చేసిన పదార్థాన్ని రెండేళ్ళలోపు పిల్లల్లో సగం మందికి పైగా నోట్లో పెట్టుకున్నారు. అంటే రోత పుట్టుకతో రాదు, చుట్టూ ఉన్నవారి ముఖాల నుంచి, ఛీ అన్న మాట నుంచి నేర్చుకుంటారు.

ఈ సంగతి తెలుగు సమాజంలో చిన్నది కాదు. ఎండుచేపలు వేయిస్తుంటే వచ్చే వాసన ఒక ఇంట్లో ఆకలి పుట్టిస్తుంది, గోడ అవతల ఇంట్లో తలుపులు మూయిస్తుంది. రెండు ఇళ్ళ ముక్కులూ ఒకటే, నేర్చుకున్న పాఠాలు వేరు. తెలంగాణలో బోటి కూర, కోస్తా ఊళ్ళలో ఎండురొయ్యలు వేసిన వంకాయ, కొన్ని కులాల ఇళ్ళలో పెద్దకూర, గుడ్డు వాసన కూడా సోకని వంటిళ్ళు, ఇవన్నీ పుట్టుక ద్వారా కాక పెంపకం ద్వారా వచ్చిన రుచులు. ఎవరికి ఏది నచ్చకపోయినా అది వారి హక్కు. చిక్కంతా రోత తిండి నుంచి తినే మనిషి మీదికి పాకడంలో ఉంది. నైతిక కారణాలతో మాంసం మానినవారిలో, ఆరోగ్యం కోసం మానినవారికంటే మాంసం మీద రోత ఎక్కువగా ఉంటుందని రోజిన్ బృందం 1997లో ప్రచురించిన అధ్యయనం తెలిపింది. ఏ తిండికైతే మంచి చెడుల తీర్పు తోడవుతుందో దాని మీద రోత బలపడుతుంది, బలపడిన రోత ఆ తీర్పు సహజమైనదే అన్నట్టు అనిపింపజేస్తుంది. ఇల్లు అద్దెకు అడిగినవారిని మీరేం తింటారని ప్రశ్నించి తిప్పి పంపేటప్పుడు, హాస్టల్లో వేరే వరుసలో కూర్చోబెట్టేటప్పుడు, తన ముక్కు తనకు నిజం చెబుతోందనే అనుకుంటారు. ముక్కు చెబుతున్నది చిన్నప్పుడు తనకు చెప్పిన మాటే. దీన్ని తెలుసుకున్నంత మాత్రాన రోత పోదు, కాని దాన్ని తీర్పుగా మార్చే ముందు ఆగడానికి ఈ జ్ఞానం చాలు.

గౌరవం కూడా రుచిని మారుస్తుంది. రాయలసీమలో రాగి సంగటి, తెలంగాణలో జొన్న రొట్టె, తైద అంబలి చాలాకాలం పేద ఇళ్ళ తిండిగా చూడబడ్డాయి, వరి అన్నం పండుగ తిండిగా, ఉన్నవారి తిండిగా నిలిచింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చాక ఆ అన్నం రోజువారీ అయింది, ఆకలి తగ్గింది, సంగటి పళ్ళెంలోంచి జారింది. ఆ తరం వారిలో కొందరికి సంగటి నిజంగానే గొంతు దిగేది కాదు. ఇప్పుడు చిరుధాన్యాలు ఆరోగ్యానికి గుర్తుగా మారి, 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి పాటించిన తరువాత, అదే సంగటి నాటుకోడి పులుసుతో హైదరాబాద్ హోటళ్ళలో మంచి ధరకు అమ్ముడవుతోంది. రాగి గింజ మారలేదు.

పెద్దల రుచి మారదన్న నమ్మకానికి ఆధారం తక్కువ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో మాంసం కొరత ఏర్పడినప్పుడు, అప్పటివరకు చాలామంది ముట్టని గుండె, మూత్రపిండాల వంటి భాగాలను ఇళ్ళలో వండించడం ఎలాగన్నది మనస్తత్వశాస్త్రవేత్త కర్ట్ లెవిన్ పరిశీలించాడు. పోషక విలువల గురించి మంచి ఉపన్యాసం విన్న గృహిణుల్లో సుమారు 3 శాతం మందే ఆ తరువాత వాటిని వండారు. తమలో తాము కూర్చుని చర్చించుకుని, చేతులెత్తి నిర్ణయించుకున్నవారిలో సుమారు 32 శాతం మంది వండారు. ఉపన్యాసంలో ఉన్న సమాచారం తక్కువేమీ కాదు, లేనిది పక్కవారి చేయి పైకి లేవడం.

ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ లేనిదే భోజనం కాదనుకునే ఇళ్ళలో రక్తపోటు రోగులకు ఇది నేరుగా పనికొచ్చే విషయం. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పిన మొదటి వారం ఏ కూరా నోటికి సహించదు, జీవితాంతం ఇలాగే ఉంటుందన్న నిరాశతో చాలామంది రెండో వారంలోనే పాత పద్ధతికి వెళ్ళిపోతారు. కాని 1982లో మోనెల్ కేంద్రపు శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగంలో, అయిదు నెలలు ఉప్పు తగ్గించి తిన్నవారికి క్రమంగా తక్కువ ఉప్పే సరిపోయినట్టు అనిపించింది, పాత మోతాదు ఎక్కువగా తోచింది. ఈ మార్పు మొదటి వారాల్లో కనిపించదు, రెండు మూడు నెలలు పడుతుంది. అదే బృందం మరో ప్రయోగంలో కొందరికి అదనపు ఉప్పును మాత్రల రూపంలో ఇస్తే వారి ఇష్టం పెరగలేదు, తిండిలో చల్లుకున్నవారికి మాత్రం పెరిగింది. అంటే మారుతున్నది ఒంట్లో ఉప్పు నిల్వ వల్ల కాదు, నోటికి రోజూ తగిలే రుచి వల్ల. అలాంటప్పుడు రోగికి ఒక్కరికే విడి గిన్నెలో చప్పిడి కూర వండి, మిగతావారు ఆవకాయ జాడీ మధ్యలో పెట్టుకుని తినే ఇంట్లో ఆ రెండు మూడు నెలలు గడవడం కష్టం. అందరి కూరలోనూ ఉప్పు కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చే ఇంట్లో, ఆరోగ్యంగా ఉన్నవారి నాలుక కూడా తెలియకుండానే ఆ మోతాదుకు అలవాటు పడుతుంది.